ఉగ్రాణం, దిట్టం, పూట: తెలుగునాట సామూహిక వంటశాలల ఆహార నిల్వ పద్ధతులు - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

వందలమందికి ఒకేచోట వండిపెట్టే వంటశాలలు తెలుగునాట రెండువేల ఏళ్ళుగా ఉన్నాయి. బౌద్ధ విహారం, శైవ మఠం, ఆలయం, సత్రం, ప్రభుత్వ పాఠశాల ఈ వరుసలో వస్తాయి. వండిపెట్టే ఉద్దేశాలు వేరైనా ఈ సంస్థలన్నిటికీ ఆహారాన్ని చెడకుండా కాపాడుకోవడం ఉమ్మడి సమస్య. ముడిసరుకును దీర్ఘకాలం నిలవచేయడం, వండినదాన్ని ఆ పూటకే సరిపెట్టడం, ఈ రెంటి మధ్య కొలతను కట్టుదిట్టంగా ఉంచడం అనే మూడు సూత్రాలపై ఈ వంటశాలల భద్రత ఆధారపడిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. వాడుక పదాలు, ధర్మశాస్త్ర, వినయ నియమాలు, శాసనాలు, కావ్య సాక్ష్యాలు, నేటి మధ్యాహ్న భోజన పథకపు నిబంధనలు ఇందుకు ఆధారాలు. నేటి పాఠశాల వంటశాలకు కొరవడినది జ్ఞానం కంటే ముఖ్యంగా ఉగ్రాణం అనే స్థలమూ, దాని బాధ్యత వహించే మనిషీ అని వ్యాసం నిరూపించే ప్రయత్నం చేస్తుంది.

కీలకపదాలు: ఉగ్రాణం, దిట్టం, పాతర, పర్యుషితం, సత్రం, మధ్యాహ్న భోజనం, ఆహార భద్రత.

1. ఉపోద్ఘాతం

2013 జూలై 16న బీహార్ రాష్ట్రం సారణ్ జిల్లాలోని గండామన్ గ్రామ పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది పిల్లలు మరణించారు. వంటకు వాడిన నూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉన్నట్లు ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. వండిన తీరులో గాని, వడ్డించిన తీరులో గాని వచ్చిన దోషంగా దీనిని పరిగణించలేం. పొయ్యిమీదికి ఎక్కకముందే నూనె విషమయింది. ఆహారం వంటగదికి చేరకముందు ఎక్కడ ఉంది, ఏ పాత్రలో ఉంది, ఎవరి చేతిలో ఉంది అన్న ప్రశ్నలను ఈ దుర్ఘటన దేశం ముందుంచింది.

ఆహార చరిత్రను గురించి తెలుగులో వచ్చిన రచనలు ఎక్కువగా వంటకాల పేర్లను, రుచులను, విందు వర్ణనలను పట్టించుకున్నాయి. వంటకు ముందు, వెనుక ఉండే నిల్వ వ్యవస్థ అంతగా చర్చకు రాలేదు. కావ్యంలో వడ్డించిన విస్తరి కనిపిస్తుంది గాని సరుకుల గది తాళంచెవి కనిపించదు. ఆ కనిపించని గదిని పదాలు, శాసనాలు, నియమ గ్రంథాల సాయంతో పునర్నిర్మించడం ఈ వ్యాసం లక్ష్యం. ఇంటి వంట ఇక్కడ ప్రధానాంశం కాదు. సంస్థాగతంగా, పదిమందికి నిత్యం వండే వంటశాలలకే పరిశీలన పరిమితమవుతుంది. ఇంటి పద్ధతుల ప్రస్తావన పోలిక కోసం మాత్రమే వస్తుంది.

2. పదాలు చెప్పే చరిత్ర

ముడిసరుకు నిల్వకు సంబంధించి తెలుగులో ఉన్న పదజాలం విస్తృతమైనది. గాదె, గరిసె, పాతర, కొఠారు, ఉగ్రాణం, బాన, కాగు, జాడీ, ఉట్టి, అటక వంటి మాటలన్నీ ఏదో ఒక స్థలాన్నో పాత్రనో సూచిస్తాయి. వీటిలో కొఠారు సంస్కృత 'కోష్ఠాగార' శబ్దానికి సంబంధించినది. ఉగ్రాణం తెలుగుతోపాటు కన్నడ, తమిళ భాషల్లోనూ సరుకుల గది అనే అర్థంలో వాడుకలో ఉంది. గరిసె ధాన్యం పోసే కట్టడానికీ, ధాన్యపు కొలతకూ కూడా పేరు. నిల్వకూ కొలతకూ ఉన్న సంబంధం ఈ ఒక్క మాటలోనే గోచరిస్తుంది.

వండిన ఆహారానికి సంబంధించిన మాటలు ఇందుకు భిన్నమైనవి. పూట, చద్ది, పాచి, పాసిపోవు, పులిసిపోవు వంటివి కాలాన్ని సూచిస్తాయి. అన్నం ఎక్కడ ఉందన్నదాని కంటే ఎంతసేపటిదన్నది ఈ మాటలకు ముఖ్యం. డబ్బు తీసుకుని భోజనం పెట్టే ఇంటికి 'పూటకూళ్ళ ఇల్లు' అని పేరు రావడం ఈ సందర్భంలో గమనార్హం. అక్కడ అమ్మేది ఆ పూట కూడు. ఓరుగల్లు నగర జీవితాన్ని చిత్రించిన క్రీడాభిరామంలో ఇటువంటి పూటకూళ్ళ ఇంటి భోజన ప్రస్తావన ఉండడం వల్ల, ఈ వ్యవస్థ మధ్యయుగం నాటికే పట్టణాల్లో స్థిరపడిందని భావించవచ్చు.

ముడిసరుకుకు స్థలవాచకాలు, వండినదానికి కాలవాచకాలు ఏర్పడడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. ఒకదానిని కాపాడేది గోడ, మూత, ఎత్తు. రెండవదానిని కాపాడేది సమయపాలన. సంస్థాగత వంటశాలల చరిత్రలో ఈ విభజన మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది.

పల్లెల్లోని ధాన్య నిల్వ పద్ధతులు ఈ వంటశాలలకు పునాది. పాతర అంటే భూమిలో తవ్విన ధాన్యపు గొయ్యి. 'పాతు' అనే క్రియతో దీని సంబంధం స్పష్టం. వరిగడ్డి పరచి, గింజలు పోసి, పైన మట్టితో మెత్తి గాలి చొరకుండా మూసేవారు. తెలంగాణ, రాయలసీమ మెట్ట ప్రాంతాల్లో జొన్నలకు ఈ పద్ధతి వాడేవారు. మూసిన గొయ్యిలో గింజలు, పురుగులు శ్వాసించడం వల్ల ప్రాణవాయువు తగ్గి బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది, పురుగు బతకదు. ఆ కారణంగానే పాతర తెరిచిన వెంటనే మనిషి దిగకూడదన్న జాగ్రత్త ఏర్పడింది. రాళ్ళమీద ఎత్తుగా నిలిపి, మట్టి, పేడలతో అలికిన గాదెకు నేల తేమ అందదు. కందిపప్పుకు ఆముదం పట్టించడం, విత్తనాలకు బూడిద కలపడం, బియ్యంలో వేపాకు వేయడం, పప్పుదినుసులను ఎండబెట్టి చల్లారాకనే పాత్రకెత్తడం వంటివన్నీ తేమను, పురుగును ఎదుర్కొనే పద్ధతులే. ఏ విషమూ గింజలోకి చేరకపోవడం వీటన్నిటిలోనూ కనిపించే సమాన లక్షణం.

3. కోష్ఠాగారం, విహారం: తొలి నియమాలు

సామూహిక నిల్వకు సంబంధించిన అత్యంత వివరమైన ప్రాచీన భారతీయ నియమావళి కౌటిల్యుని అర్థశాస్త్రం రెండో అధికరణంలోని కోష్ఠాగారాధ్యక్ష ప్రకరణంలో ఉంది. ధాన్యాన్ని ఎత్తుమీద ఉంచాలని, బెల్లం వంటివాటిని బిగువుగా అల్లిన గడ్డి సంచుల్లో ఉంచాలని, నూనె, నెయ్యి వంటి స్నేహ పదార్థాలను మట్టి పాత్రల్లో, కొయ్య పాత్రల్లో ఉంచాలని, ఉప్పును నేలమీద పోయాలని ఆ ప్రకరణం విధిస్తుంది. సరుకు స్వభావాన్నిబట్టి పాత్రను, స్థానాన్ని నిర్ణయించిన తీరు గమనించదగింది. పాతదాని స్థానంలో కొత్తది చేరుస్తూ నిల్వను తాజాగా ఉంచాలన్న సూచన కూడా అందులో ఉంది. నేటి గిడ్డంగుల నిర్వహణలో ముందు వచ్చిన సరుకు ముందు వాడాలనే నియమం ఇదే. కొఠారులో ఊడ్చేవారు, కాపలాదారులు, తూచేవారు, కొలిచేవారు, ఇచ్చేవారు అంటూ పనివారిని విడివిడిగా పేర్కొనడం మరో విశేషం. నిల్వ అంటే గది మాత్రమే అయితే ఇందరి ప్రస్తావన అవసరం లేదు.

బౌద్ధ వినయం ఈ సమస్యను మరో కోణం నుంచి చూసింది. భిక్షువు స్వీకరించిన ఆహారాన్ని వినయ సంప్రదాయం నాలుగు కాలపరిమితులుగా విభజించింది. మామూలు భోజనం యావకాలికం, అంటే ఆ మధ్యాహ్నం వరకే. పండ్ల పానకాలు యామకాలికం, మరుసటి తెల్లవారే వరకు. నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లం సత్తాహకాలికం, ఏడు రోజుల వరకు. వేళ్ళు, ఆకులు, కాయల మందులు యావజీవికం. దాచుకున్న భోజనాన్ని మరునాడు తినడం పాచిత్తియ దోషం. ఈ నియమం వెనుక ఉన్న ప్రధానోద్దేశం అపరిగ్రహం. అయినా మహావగ్గంలో ఏడు రోజుల నియమానికి చెప్పిన కారణం పూర్తిగా లౌకికమైనది. కానుకగా వచ్చిన నెయ్యి, నూనె, తేనె కుండల్లో, సంచుల్లో నిండి కారిపోతుంటే విహారమంతా ఎలుకలు చేరాయని, జనం అది చూసి విమర్శించారని, అప్పుడు ఈ పరిమితి ఏర్పడిందని అక్కడ ఉంది. ఆహార నిల్వకు, నివాసానికి వేరు వేరు చోట్లు ఉండాలన్న ఆలోచన నుంచే సరుకులు ఉంచే 'కప్పియభూమి' విధానం వచ్చింది.

ఆంధ్రదేశానికి వినయ సంప్రదాయంతో నేరుగా సంబంధం ఉంది. బుద్ధఘోషుడు తన వ్యాఖ్యానాల్లో ప్రస్తావించిన ప్రాచీన వ్యాఖ్యలలో 'అంధకట్ఠకథ' ఒకటి. విశాఖపట్నం సమీపంలోని తొట్లకొండ తవ్వకాల్లో విహారాలతోపాటు మూడు హాళ్ళున్న వంటశాల సముదాయం, భోజనశాల బయటపడ్డాయి. ఆ కొండకు పేరు తెచ్చినవి రాతిలో తొలిచిన నీటి తొట్లు. నీరు, వంట, భోజనం, నివాసం వేరువేరుగా అమర్చిన ఆ నిర్మాణ ప్రణాళిక గ్రంథంలోని నియమానికి రాతిలో కనిపించే ప్రతిరూపం.

4. పర్యుషితం: ఎప్పుడు చెడుతుంది?

వైదిక ధర్మశాస్త్రాలు నిలవ ఉన్న ఆహారాన్ని 'పర్యుషితం' అన్నాయి. భగవద్గీత పదిహేడో అధ్యాయం ఇటువంటి ఆహారాన్ని తామసమని వర్గీకరించింది. అయితే ఈ నిషేధం సార్వత్రికం కాదు. మనుస్మృతి ఐదో అధ్యాయంలో కొన్ని మినహాయింపులు ఉన్నాయి. నెయ్యి, నూనె వంటి స్నేహంతో కూడిన భక్ష్యాలు నిలవ ఉన్నా తినవచ్చు. యవలు, గోధుమలతో చేసినవీ, పాల వికారాలూ స్నేహం లేకున్నా, చాలాకాలం నిలిచినా తినవచ్చు. ఈ మినహాయింపుల జాబితాలో అన్నం లేకపోవడం గమనించాలి.

తెలుగు వంటశాలల ఆచరణ ఈ విభజనను దాదాపుగా అనుసరిస్తుంది. తేమ తక్కువగా, నెయ్యి, బెల్లం, పంచదార ఎక్కువగా ఉండే లడ్డు, అరిసె వంటివి యాత్రికుని వెంట ఊరికి చేరే ప్రసాదాలు. చింతపండు పులుపు, నూనె ఉన్న పులిహోర కొంతసేపు నిలుస్తుంది. పప్పు, కూర, తెల్లన్నం విస్తరి దాటి బయటకు వెళ్ళవు. పులుపు వస్తువులను కళాయి లేని ఇత్తడి గుండిగలో ఉంచితే చిలుమెక్కుతుందని, వాటికి రాచ్చిప్పో జాడీనో వాడాలని తెలిసిన వంటవారు పాత్రకూ పదార్థానికీ ఉన్న సంబంధాన్ని అనుభవంతో గ్రహించారు.

నిల్వ పదార్థాలకు ఋతువుతో ఉన్న సంబంధం ఆముక్తమాల్యదలో స్పష్టంగా కనిపిస్తుంది. శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడు భాగవతులకు పెట్టే భోజనాన్ని శ్రీకృష్ణదేవరాయలు ఋతువులవారీగా వర్ణించాడు. జడివానల్లో తాజా కూర దొరకని వేళ వరుగులు, వడియాలు వడ్డనలోకి వస్తాయి. వేసవిలో పానకం, చెరకురసం, మజ్జిగ వంటి చలువ పదార్థాలతోపాటు ఊరగాయ చోటుచేసుకుంటుంది. ఎండలో ఆరబెట్టినవీ ఉప్పులో ఊరినవీ అవసరమైన ఋతువులో చేతికందాలంటే, వేసవిలోనే వాటిని సిద్ధంచేసి దాచిన ఒక వ్యవస్థ ఆ వంటశాల వెనుక ఉండితీరాలి. కావ్యం ఆ వ్యవస్థను చెప్పదు. దాని ఫలితాన్ని మాత్రం నమోదు చేస్తుంది.

5. మఠం, ఆలయం, సత్రం: దిట్టం అనే కొలత

కాకతీయ రుద్రమదేవి కాలానికి చెందిన 1261 నాటి మల్కాపురం శాసనం తెలుగునాట సంస్థాగత అన్నదానానికి ప్రముఖ సాక్ష్యం. విశ్వేశ్వర శివాచార్యుని గోళకీ మఠానికి ఇచ్చిన మందర, వెలగపూడి గ్రామాల ఆదాయం నుంచి మఠానికి, విద్యార్థులకు, ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, సత్రానికి భాగాలు ఏర్పాటయ్యాయి. బ్రాహ్మణుల నుంచి చండాలుర వరకు వచ్చినవారందరికీ అన్నం పెట్టాలన్న నియమం అందులో ఉంది. వైద్యశాల, ప్రసూతిశాల, అన్నసత్రం ఒకే ధర్మంలో భాగాలు కావడం వల్ల, ఇక్కడి వంటశాల నుంచి రోగులకు, బాలింతలకు కూడా ఆహారం అవసరమై ఉంటుందని ఊహించవచ్చు. గ్రామాల ఆదాయం ధాన్యరూపంలో ఏడాదికొకసారి చేరి, ఖర్చు మాత్రం ప్రతిరోజూ సాగే ఇటువంటి సంస్థకు పంట నుంచి పంట వరకు నిలిపే కొఠారు లేకుండా మనుగడ లేదు.

ఏడాది నిల్వకూ రోజువారీ వంటకూ మధ్య ఉన్న వారధి దిట్టం. ఏ నైవేద్యానికి ఎంత బియ్యం, ఎంత పప్పు, ఎంత నెయ్యి, ఎన్ని మిరియాలు అన్న నిర్ణయమే దిట్టం. ఆలయానికి రోజువారీగా అందే సరుకుకు 'పడితరం' అని పేరు. విజయనగర కాలపు తిరుమల శాసనాలు దాతలు ఏర్పాటుచేసిన నైవేద్యాలకు కావలసిన సరుకులను కొలతలతో సహా నమోదు చేశాయి. నివేదించిన ప్రసాదంలో దాతకు చెందే నాలుగో వంతు కూడా ముందుగానే నిర్ణయమై ఉండేది. ఈ వివరాలను చరిత్రకారులు సాధారణంగా ఆర్థిక సంబంధాల సాక్ష్యంగా పరిశీలించారు. నిల్వ దృష్టితో చూస్తే వీటిలో మరో అర్థం ఉంది. ఎంత వండాలో, వండినది ఎవరికి చేరాలో వంటకు ముందే తేలితే మిగులు ఉండదు. మిగులు లేనిచోట వండినదాన్ని నిలవచేసే ప్రశ్నే రాదు.

తిరుమలలో సరుకులుండే చోటు ఉగ్రాణం, వండే చోటు పోటు. దిట్టం ప్రకారం ఉగ్రాణం నుంచి పోటుకు సరుకు వెళుతుంది. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి అనే కొలతల వరుస ఇటువంటి వ్యవస్థలకు సరిగ్గా సరిపోయింది. చేలో పుట్టిగా లెక్కించిన ధాన్యం విస్తరి దగ్గర సోలగా లెక్కకు వస్తుంది. ఉగ్రాణం బాధ్యత ఒకరిది, వంట మరొకరిది, లెక్క ఇంకొకరిది కావడంతో ఒకరి పనిని మరొకరు తనిఖీ చేసే ఏర్పాటు సహజంగా ఏర్పడింది. సరుకు తరిగినా, ముక్కినా, పురుగుపట్టినా సరుకు చేతులు మారేచోట బయటపడక తప్పదు.

బాటసారులకు వండిపెట్టడానికి బదులు సరుకులే ఇచ్చే 'సదావర్తి' సంప్రదాయాన్ని కూడా ఈ కోణంలో చూడాలి. కుల నియమాల కారణంగా స్వయంపాకం చేసుకునేవారికి ఇది అవసరమైంది. అదే సమయంలో, ఎప్పుడు ఎందరు వస్తారో తెలియని బాటపక్క ధర్మసంస్థకు వండి ఎదురుచూసే ప్రమాదం తప్పింది. 1830-31లో కాశీయాత్ర చేసిన ఏనుగుల వీరాస్వామయ్య తన మజిలీల వివరాల్లో ఎక్కడ ఏ సరుకులు దొరుకుతాయో శ్రద్ధగా నమోదు చేయడానికి కారణం, యాత్రికునికి సిద్ధాన్నం కన్నా సరుకే ఆధారం కావడం. గోదావరి లంకల్లో వేళకాని వేళ వచ్చినవారికీ అన్నం పెట్టిన లంకల గన్నవరం వాసి డొక్కా సీతమ్మ (1841-1909) కీర్తిలో కూడా ఈ విషయం అంతర్లీనంగా ఉంది. అర్ధరాత్రి వచ్చిన అతిథికి అప్పటికప్పుడు వండగలగాలంటే ఉగ్రాణం ఎప్పుడూ నిండుగా ఉండాలి.

6. పరిమాణం మారితే నియమం మారుతుంది

ఇంట్లో రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళో మజ్జిగో పోసి ఉదయం చద్దన్నంగా తినడం తెలుగువారి నిత్యజీవితంలో భాగం. మరి సంస్థాగత వంటశాల వండినదాన్ని నిలపకూడదన్న నియమాన్ని ఎందుకు పాటించింది? దీనికి సమాధానం పరిమాణంలో ఉంది.

బియ్యంలో సహజంగా ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా సిద్ధబీజాలు అన్నం ఉడికే వేడిని తట్టుకోగలవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి వృద్ధిచెందుతాయి. వాటిలో కొన్ని రకాలు వాంతులు కలిగించే విషపదార్థాన్ని ఉత్పత్తి చేస్తాయి. తిరిగి వేడిచేసినా ఆ విషం నశించదు. ఇంటి గిన్నెలోని గుప్పెడు అన్నం త్వరగా చల్లారుతుంది. మజ్జిగలోని పులుపు కొంతవరకు రక్షణ ఇస్తుంది. గుండిగెడు అన్నం మధ్యభాగం మాత్రం చాలాసేపు వెచ్చగానే ఉంటుంది. ఇంట్లో క్షేమమైన అలవాటు వంద రెట్లు పెరిగినప్పుడు అపాయకరం కావచ్చు. వండిన ఆహారాన్ని గది ఉష్ణోగ్రతలో రెండు గంటలకు మించి ఉంచరాదని, చల్లగా ఉంచేవి 5 డిగ్రీల సెల్సియస్ లోపు, వేడిగా ఉంచేవి 60 డిగ్రీల పైన ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. శీతల యంత్రం లేని కాలంలో ఈ రెండు హద్దుల మధ్య ప్రమాదాన్ని తప్పించుకునే మార్గం ఒక్కటే: వండిన వెంటనే వడ్డించడం. పూట అనే కాలపరిమితికి ఉన్న శాస్త్రీయ ఆధారం ఇదే.

7. నియమం ఎవరిని కాపాడింది?

ఈ సంప్రదాయాన్ని కేవలం ప్రశంసాత్మకంగా చూడడం చరిత్రకు న్యాయం చేయదు. మడి, ఎంగిలి, అంటు అనే భావనలు వంటశాలలోకి ఎవరు రావచ్చో నిర్ణయించాయి. వాటి ఫలితంగా కొన్ని సందర్భాల్లో శుభ్రత సమకూరి ఉండవచ్చు గాని వాటి ఆధారం సూక్ష్మజీవుల జ్ఞానం కాదు, కుల వ్యవస్థ. మడి బట్ట కట్టిన చేతికి రోగం ఉండదన్న హామీ లేదు. మడి లేని చేతిలో దోషం ఉందనడానికి ఆధారమూ లేదు.

మరో ముఖ్యమైన విషయం మిగులు ఎక్కడికి వెళ్ళిందన్నది. వేడి అన్నం తినేవారి వరుస ముగిశాక మిగిలినది పనివారికి, పాలేళ్ళకు, వాకిట నిలిచినవారికి చేరడం గ్రామీణ సమాజంలో పరిపాటి. పర్యుషితం తినరాదన్న నియమం కొందరికి రక్షణ కాగా, ఆ పర్యుషితాన్ని తినడం మరికొందరి బతుకైంది. నిల్వ వల్ల కలిగే అపాయం తొలగిపోలేదు. పంక్తి చివరి వారికి బదిలీ అయింది. మల్కాపురం శాసనంలోని అందరికీ అన్నం అనే నియమపు విలువను ఈ నేపథ్యంలో అంచనా వేయాలి. సామూహిక వంటశాల భద్రతకు కొలమానం చివరి విస్తరిలో పడిన అన్నం.

8. బడి వంటశాల: ఉగ్రాణం లేని పోటు

1995 ఆగస్టు 15న ప్రాథమిక విద్యకు పోషకాహార మద్దతు పేరిట జాతీయ పథకం మొదలైంది. తొలినాళ్ళలో చాలా రాష్ట్రాలు పిల్లలకు ధాన్యం పంచిపెట్టాయి. ఒక విధంగా అది సదావర్తి పద్ధతి. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు వండిన భోజనమే పెట్టాలని ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో వండిన భోజనం మొదలై, వంట బాధ్యత మహిళా సంఘాలకు చేరింది. 2013లో జాతీయ ఆహార భద్రతా చట్టం ఈ భోజనాన్ని పిల్లల హక్కుగా గుర్తించింది. 2015లో మధ్యాహ్న భోజన నియమాలు వచ్చాయి. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన బడి భోజన పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టింది. సత్రం నుంచి బడి వరకు సాగిన పరంపరను ఆ పేరు గుర్తుచేస్తుంది.

ఈ పథకానికీ దిట్టం ఉంది. కేంద్ర ప్రమాణాల ప్రకారం ప్రాథమిక తరగతుల విద్యార్థికి రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె కేటాయింపు. ప్రాథమికోన్నత స్థాయిలో ఇవి 150, 30, 75, 7.5 గ్రాములు. నూరుమంది ఉన్న ప్రాథమిక పాఠశాలకు ఈ లెక్కన రోజుకు 10 కిలోల బియ్యం, 2 కిలోల పప్పు, అరకిలో నూనె కావాలి. నెలకు 22 పనిదినాలనుకుంటే 220 కిలోల బియ్యం, 11 కిలోల నూనె. ఇంత సరుకుకు చోటు కావాలి. వంటగది, సరుకుల గది కలిపి నూరుమంది పిల్లల వరకు 20 చదరపు మీటర్లు, ఆపైన ప్రతి నూరుమందికి మరో 4 చదరపు మీటర్లు ఉండాలని ప్రమాణం ఉంది.

ఈ ప్రమాణంలోనే ఒక చారిత్రక మార్పు దాగి ఉంది. ఆలయ వ్యవస్థలో వేరువేరుగా ఉన్న ఉగ్రాణం, పోటు ఇక్కడ ఒకే కట్టడంలో కలిసిపోయాయి. ఆ కట్టడం కూడా లేనిచోట బియ్యం బస్తాలు తరగతి గది మూలకో ప్రధానోపాధ్యాయుని గదికో చేరతాయి. మహిళా సంఘాలు కొని తెచ్చే పప్పు, నూనె చాలాచోట్ల వంటమనిషి ఇంట్లో ఉంటాయి. ఉగ్రాణం ఇలా ముక్కలైనప్పుడు ఏ సరుకు ఎక్కడ ఎవరి బాధ్యతలో ఉందో చెప్పడం కష్టం. మూడు చేతుల మధ్య ఉండే పరస్పర తనిఖీ స్థానంలో ఒకే మనిషిపై మొత్తం భారం పడుతుంది. ఆ మనిషి చాలావరకు పేద కుటుంబపు మహిళ. 2009లో కేంద్రం నిర్ణయించిన ఆమె గౌరవ భృతి నెలకు వెయ్యి రూపాయలు. రాష్ట్రాలు దానికి కొంత కలుపుతున్నాయి.

గండామన్ పాఠశాల సరుకులు బడిలో కాక వేరే ఇంట నిల్వ ఉండేవని అప్పటి వార్తలు తెలిపాయి. నూనె వాసన తేడాగా ఉందని వంటమనిషి చెప్పినా వంట ఆగలేదని కూడా అవే వార్తలు పేర్కొన్నాయి. ఉగ్రాణం లేకపోవడం, సరుకును తిరస్కరించే అధికారం వంటమనిషికి లేకపోవడం అనే రెండు లోపాలు ఇక్కడ ఒకేచోట కలిశాయి. స్నేహ పదార్థానికి ప్రత్యేక పాత్ర ఉండాలన్న అర్థశాస్త్ర నియమం తెలియక జరిగిన ప్రమాదంగా దీనిని భావించలేం. పురుగుమందునూ తిండి సరుకునూ కలవకుండా ఉంచాలన్నది ఏ రైతు కుటుంబానికైనా తెలిసిన జాగ్రత్త. తెలిసినదాన్ని అమలుపరిచే స్థలం, అధికారం లేకపోవడమే అసలు లోపం. వేపాకు, ఆముదం, బూడిద ఉన్న నిల్వ గదిలో పొరపాటు జరిగితే సరుకు పాడవుతుంది. రసాయనిక పురుగుమందులు ఇంటింటికీ చేరిన కాలంలో అదే పొరపాటు ప్రాణాలు తీస్తుంది. అందువల్ల నేటి వంటశాలకు ఉగ్రాణం అవసరం గతంలో కంటే పెరిగింది.

పిల్లలకు పెట్టేముందు ఉపాధ్యాయులు రుచి చూడాలన్న నిబంధన, గుర్తింపు పొందిన ప్రయోగశాలల్లో భోజన నమూనాల పరీక్ష అవసరమైనవే. అయితే రుచి చూడడం చివరి అంచె. అన్నంలో పుట్టిన సూక్ష్మజీవి విషానికి ప్రత్యేకమైన రుచి ఉండదు. తొలి అంచె సరుకు లోపలికి వచ్చేచోట ఉంది. బస్తాలను గోడకు ఆనించకుండా ఎత్తుమీద ఉంచడం, మూతబిగువు డబ్బాలు వాడడం, పాతది ముందు తీయడం, తేదీ రాయడం వంటి నేటి సూచనల్లో గాదె, కోష్ఠాగారాల సూత్రాలే కొత్త మాటల్లో కనిపిస్తాయి. ఒకచోట వండి వాహనాల్లో అనేక బడులకు పంపే కేంద్రీకృత వంటశాలలు మరో ప్రశ్నను ముందుకు తెచ్చాయి. వంటకూ వడ్డనకూ మధ్య దూరం పెరిగేకొద్దీ ప్రయాణం కూడా నిల్వగానే లెక్కకు రావాలి. పూట అనే పాత హద్దు అక్కడ గడియారంతోనూ ఉష్ణమాపకంతోనూ కొలవవలసిన హద్దుగా మారింది.

9. ముగింపు

పై పరిశీలన వల్ల కొన్ని విషయాలు స్పష్టమవుతున్నాయి.

ముడిసరుకుకు స్థలం, వండినదానికి కాలం హద్దుగా ఉండడం తెలుగు పదజాలంలోనే నిక్షిప్తమై ఉంది. వినయ నియమాల్లోని కాలపరిమితులు, ధర్మశాస్త్రాల్లోని పర్యుషిత నియమం, ఆలయాల దిట్టం వేరువేరు ఉద్దేశాలతో పుట్టినా ఆచరణలో ఒకే ఫలితాన్ని ఇచ్చాయి. అపరిగ్రహం, ఆచారం, లెక్క అనే మూడు దారులూ వండిన ఆహారాన్ని ఆ పూటకే పరిమితం చేశాయి.

ఈ రక్షణ అందరికీ సమానంగా అందలేదు. మిగులు భారం పంక్తి చివరి వారిపై పడింది. హక్కు ప్రాతిపదికన నడిచే నేటి బడి భోజనం ఈ అసమానతను సరిదిద్దగల తొలి విస్తృత వ్యవస్థ కాబట్టి దాని నిల్వ గదిలో లోపం ఉంటే ఆ భారం మళ్ళీ అదే వర్గాల పిల్లలపై పడుతుంది.

నేటి నిబంధనల్లో దిట్టం ఉంది, పూట ఉంది. చాలాచోట్ల లేనిది ఉగ్రాణం. తాళం వేయగల ప్రత్యేక గది, సరుకు దించుకునేటప్పుడు చూసి తీసుకునే బాధ్యుడు, బాగాలేని సరుకును వెనక్కి పంపే అధికారం ఉన్న వంటమనిషి అనే మూడూ సమకూరినప్పుడే మిగిలిన నియమాలకు అర్థం ఉంటుంది. సత్రాల శాసనాలను, ఆలయ లెక్కలను, జమాబందీ కాగితాలను ఈ దృష్టితో మళ్ళీ చదివితే తెలుగునాట ఉగ్రాణాల చరిత్ర మరింత వివరంగా వెలుగులోకి రాగలదు. అటువంటి అధ్యయనం సాహిత్య, చరిత్ర పరిశోధకులతోపాటు రేపటి బడి వంటగదిని కట్టేవారికీ ఉపయోగపడుతుంది.